అధ్యాపకురాలి బోధనా సంపుటి

ఇల్లు చక్కబెట్టుకొను స్త్రీలు చదువు పత్రికలో విశ్వవిద్యాలయముల ప్రసంగ మేల యని కొందఱు సోదరీమణులు శంకింపవచ్చును. కాని నేడు మన యిండ్లలో నెందఱో కూతుండ్రు, కోడండ్రు కళాశాలలకు బోయి పాఠములు చెప్పుచున్నారు. తెల్లవాఱక మున్నే లేచి, వంట ముగించి, బిడ్డను అత్తగారి చేత బెట్టి, బస్సెక్కి పోయి, దీపములు పెట్టువేళకు తిరిగి వచ్చువారిని మనము చూచుచునే యున్నాము. వారి పనిని పెద్దలు కొలిచి చూచు దినమొకటి వచ్చును. ఆ దినమున వారి చేతిలో నేమి యుండవలెనో, దానిని సమకూర్చుటకు ఇంటివార మేమి సాయము చేయగలమో చెప్పుటకే యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

మేము కళాశాల మెట్లెక్కి చదివినవారము కాము. మా తండ్రిగారి యొద్ద అమరమును, రఘువంశమును, భారతమును ఇంటనే చదువుకొంటిమి. మా వారు మదనపల్లెలో ఉపాధ్యాయులు. కావున పాఠము చెప్పుట యెంత కష్టమో కొంత యెఱుగుదుము. చెప్పిన పాఠమును ఋజువుచేయుట అంతకంటెను కష్టమని మాత్రము మా పెద్దవదినగారి కుమార్తె వలన తెలిసికొంటిమి.

పుంగనూరి అమ్మాయి కథ

ఆ అమ్మాయి వయస్సున మాకంటె రెండేండ్లు చిన్నది. అత్తవారిల్లు పుంగనూరు. కుప్పములోని ద్రావిడ విశ్వవిద్యాలయమున పరిశోధన చేసి పట్టము గొని, ఈ ప్రాంతపు కళాశాల యొకదానిలో తెలుగు అధ్యాపకురాలుగ చేరినది. ఆ కళాశాల పేరు మన కనవసరము. నాలుగేండ్లు నిండిన పిదప పైమెట్టుకు అర్హత కలిగినది. సమీక్షకు పిలుపు వచ్చినది. అమ్మాయి మంచి పట్టుచీర కట్టుకొని, దేవునికి దండము పెట్టుకొని, తన పట్టములను, పరిశోధన వ్యాసములను తీసికొని పోయినది.

సాయంకాలము మా యింటికి వచ్చి వసారాలో కూర్చుండి చాలసేపు మాటాడలేదు. కాఫీ చల్లారిపోయినది. తుదకు, "అత్తా, నాలుగేండ్లు నీ వేమి బోధించితి వని యడిగిరి. తెలుగు బోధించితి నంటిని. అది సరే, ఎట్లు బోధించితివి, పిల్ల లేమి నేర్చిరి, చూపు మనిరి. నా చేత నొక్క కాగితమును లేదు," అన్నది. తరగతుల లెక్క వ్రాసిన పట్టీలలో రెండు కనబడలేదట. ప్రసూతి సెలవులో నున్న నెలలును తీసిన తరగతుల లెక్కలో లోటుగనే కనబడినవట. ఆమె నోటిమాటకు విలువ లేకపోయినది. సమీక్ష మఱుసటి యేటికి వాయిదా పడినది.

ఇది చిన్న నష్టము కాదు. విశ్వవిద్యాలయ నిధుల సంఘము, అనగా యూజీసీ, 2018లో ప్రకటించిన నిబంధనల ప్రకారము ఒకమాఱు నెగ్గనివారిని కనీస మొక యేడాది గడచిన పిదపనే మరల పరీక్షింతురు. అప్పుడు నెగ్గినను పైమెట్టు, నెగ్గని తేదీకి ఒక యేడాది గడచిన పిదప నుండియే లెక్కకు వచ్చును. పోయిన యేడాది తిరిగి రాదు. జీతపు పెరుగుదలయు, పెద్దఱికమును రెండును వెనుకబడును.

సమీక్షలో నడుగునది యేమి?

అమ్మాయి యా నిబంధనలను తెచ్చి మా వారికి చూపగా, ముగ్గురము కూర్చుండి చదివితిమి. బోధన విషయమున వారు ప్రధానముగ నడుగునవి రెండు. మొదటిది, ఒప్పగించిన తరగతులలో నెన్ని తీసికొనిరి యనునది. నూటికి 80 కాని అంతకు మించి కాని తీసిన మంచిది. 70 మొదలు 80 లోపల నున్న తృప్తికరము. 70కి తగ్గిన తృప్తికరము కాదు. రెండవది, పరీక్షల పని, విద్యార్థుల కార్యక్రమములు, జాతీయ సేవా పథకము వంటి బయటి సేవ, సభల నిర్వహణ, పరిశోధనల పర్యవేక్షణ మున్నగువానిలో పాల్గొనుట. వీనిలో మూడు చేసిన మంచిది. ఒకటి రెండైన తృప్తికరము.

ఆ పట్టిక క్రిందనే చిన్న యక్షరములలో నొక వాక్యము కలదు. దానిని చదివి అమ్మాయి కన్నీరు పెట్టుకొన్నది. ప్రసూతి సెలవు, శిశుపోషణ సెలవు, చదువు సెలవు, వైద్య సెలవు మొదలగు జీతపు సెలవుల కాలమును లెక్కనుండి తీసివేసి, మిగిలిన కాలమునే చూడవలెనని, అట్టి సెలవు వలన నెవరికిని నష్టము కలుగరాదని అచ్చట స్పష్టముగ నున్నది. బిడ్డను గన్న నెలలు తప్పు క్రింద జమకట్టవలసినవి కావు. ఈ సంగతి అమ్మాయి యెఱుగదు, చెప్పినవారును లేరు. సోదరీమణులారా, మీ యింట అధ్యాపకురాలున్నచో ఈ యొక్క మాటనైనను ఆమెకు చెప్పుడు. నియమములు మాఱుచుండును గనుక, తమ కళాశాలలో నేడు చెల్లుచున్న ప్రతిని అడిగి తెచ్చుకొని మొదటి పుట నుండి తుది వఱకు చదువుకొనవలెను. ప్రైవేటు కళాశాలలలోను, ఒప్పందపు కొలువులలోను పద్ధతులు వేఱుగ నుండవచ్చును. అయినను కొలువు కొనసాగింపునకు అడుగు ప్రశ్న మాత్ర మదియే.

తరగతుల లెక్క యొక సంఖ్య మాత్రమే. గదిలో నేమి జరిగెనో అది చెప్పదు. దానిని చెప్పుటకు పాశ్చాత్య దేశములలో టీచింగ్ పోర్ట్‌ఫోలియో అను పద్ధతి పుట్టినది. 1970వ దశకమున కెనడా దేశపు విశ్వవిద్యాలయ అధ్యాపకుల సంఘము వారు దీనికి దారితీసిరి. తరువాత అమెరికాలో పీటర్ సెల్డిన్ అను నాయన 1991లో నొక గ్రంథము వ్రాసి దీనిని వ్యాపింపజేసెను. మేము దానిని బోధనా సంపుటి యని పిలుచుకొంటిమి. ఇది పొగడ్తల మూట కాదు, కాగితముల గంపయు కాదు. ఎనిమిది పది పుటలలో అధ్యాపకురాలు తన పనిని తానే వివరించి, చెప్పిన ప్రతి మాటకును వెనుక అనుబంధముగ నొక సాక్ష్యమును జతపఱచుట దీని స్వరూపము.

వ్రాతయే సాక్ష్యము

మదనపల్లెవారికి వ్రాత విలువ క్రొత్తగ చెప్పనక్కఱలేదు. అనీబిసెంటమ్మగారు 1915లో స్థాపించిన దివ్యజ్ఞాన కళాశాలకు 1919లో రవీంద్రనాథ ఠాకూరుగారు వచ్చి విడిసిరి. అప్పుడు ప్రధానాధ్యాపకులు జేమ్సు కజిన్సుగారు. ఠాకూరుగారు జనగణమన గీతమును పాడి వినిపింపగా, కజిన్సుగారి భార్య మార్గరెట్టుగారు దాని స్వరములను వ్రాసి యుంచినది. ఫిబ్రవరి 28వ తేదీన ఠాకూరుగారు తమ చేతివ్రాతతోనే దానికి ఆంగ్లానువాదము వ్రాసి యిచ్చిరి. ఆ సాయంకాలములు వినిన వారెవ్వరును నేడు లేరు. కాగితముపై నున్నది గనుకనే మన మింకను చెప్పుకొనుచున్నాము. స్వరములు వ్రాసిన యా మార్గరెట్టుగారే 1927లో అఖిల భారత మహిళా సభ వెలయుటకు మూలకారకురాలని మన పాఠకురాండ్రలో పలువు రెఱుగుదురు.

ఇంకొక దృష్టాంతము. మదనపల్లె చేరువనున్న ఋషివ్యాలీ విద్యాసంస్థవారు చుట్టుపల్లెల చిన్న బడుల కొఱకు పాఠములను చిన్న చిన్న మెట్లుగ విడదీసి అట్టలపై వ్రాయించిరి. ఒకే గదిలో పలు తరగతుల పిల్లలు తమ తమ మెట్టు చొప్పున నేర్చుకొనుటకు వీలు కలిగినది. ఆ పద్ధతి తమిళనాటి బడులకును స్ఫూర్తి నిచ్చినది. మంచి ఉపాధ్యాయుని నేర్పు అతని నోటనే యుండిపోయిన అతనితోనే పోవును. మెట్టు మెట్టుగ వ్రాసిన పక్షమున పరుల కుపకరించును.

సంపుటిలో నుండవలసినవి

అమ్మాయి తన యెడాదిని వృథా చేయలేదు. ఆమె చేసిన పనిని క్రమముగ చెప్పుదుము.

మొదట తన బోధనను గుఱించి ఒకటి రెండు పుటల వివరణ వ్రాసినది. మొదటి ప్రతిలో విద్యార్థుల సర్వతోముఖాభివృద్ధి యనియు, ఆధునిక పద్ధతులనియు పెద్ద మాటలు పేర్చినది. మా వారు చదివి, "ఇది యే ఊరి అధ్యాపకురాలైనను వ్రాయవచ్చును గదా, ఇందులో నీ వెక్కడ?" అనిరి. అమ్మాయి మొగము చిన్నబోయినను మాట నిజమని యొప్పుకొన్నది. రెండవ ప్రతి యిట్లున్నది: తన తరగతిలో ఇంట తమిళము మాటాడువారును, కన్నడము మాటాడువారును, తెలుగువారును కలసి కూర్చుందురు. మూడు రాష్ట్రములు కూడు చోట నున్న కుప్పమునందును ఇట్టిదే స్థితి. ద్రావిడ భాషల యధ్యయనమునకు 1997లో విశ్వవిద్యాలయమును అచ్చట నెలకొల్పుటయు తగియున్నది. తమిళ లిపిలో ఒత్తక్షరములకు వేఱు గుర్తులు లేవు గనుక ఆ పిల్లలు ఖ, ఘ, ధ, భ లను వ్రాయుటలో తడబడుదురు. కన్నడ లిపి తెలుగు లిపికి చుట్టము గనుక ఆ పిల్లలు త్వరగ చదువుదురు గాని అర్థమున పొరపడుదురు. ఒక్క పాఠమును ఈ మువ్వురికి ఎట్లు అందించుచున్నదో ఆమె వ్రాసినది. చదివినవారికి ఆ గది కన్నుల గట్టును.

రెండవది, ఏ యేట ఏ తరగతికి ఏ విషయము, వారమునకు ఎన్ని గంటలు, ఎందఱు విద్యార్థులు అను పట్టిక. నిబంధనలలో సహాయాచార్యులకు వారమునకు 16 గంటల ప్రత్యక్ష బోధన విధింపబడినది. కొందఱు అంతకు మించి చేయుదురు. వ్రాయనిచో అది యెవరికిని తెలియదు. సెలవుల నెలలను, వాని ఆజ్ఞాపత్రముల ప్రతులను ఇచ్చటనే చేర్పవలెను.

మూడవది, పాఠ సామగ్రి. అన్ని పాఠముల నోట్సులును పెట్టనక్కఱలేదు. మంచి పాఠ ప్రణాళిక యొకటి, ప్రశ్నపత్ర మొకటి, నల్లబల్లపై వ్రాసినదాని ఛాయాచిత్ర మొకటి చాలును. ప్రతిదానికి పైన మూడు పంక్తులలో ఇది యేల చేసితినో చెప్పవలెను.

నాలుగవది, పిల్లలు నేర్చిరనుటకు నిదర్శనము. ఇదియే సంపుటికి ప్రాణము. అమ్మాయి ఛందస్సు పాఠమును తీసికొన్నది. ఉత్పలమాలకు భ, ర, న, భ, భ, ర, వ గణములని పిల్లలు కంఠస్థముగ చెప్పుదురు. పద్యమిచ్చి గురులఘువులు గుర్తింపుమన్న తప్పుదురు. సంయుక్తాక్షరమునకు ముందున్న యక్షరము గురువగునని యెఱుగక సంయుక్తాక్షరమునే గురువని గుర్తుపెట్టుట సామాన్యమైన తప్పు. మొదట నలువది మందిలో పట్టుమని పదిమంది సరిగ చేయలేకపోయిరి. అంతట ఆమె గణములను ప్రక్కన బెట్టి, పద్యమును చేతితో తాళము వేయుచు చదివించినది. నాలుక యెచ్చట నిలుచుచున్నదో పిల్లలకే తెలిసినది. పిదపనే గుర్తులు పెట్టించినది. ఒకే విద్యార్థి మొదట వ్రాసిన కాగితమును, నెల గడచిన పిదప వ్రాసిన కాగితమును ప్రక్కప్రక్కన అతికించినది. అట్టివి మూడు జతలు పెట్టినది: బాగుగ నేర్చినవానిది, నడితరమువానిది, ఇంకను తడబడువానిది. విద్యార్థుల యనుమతి పొంది వారి పేర్లను కొట్టివేసినది. ఇది తప్పక పాటింపవలసిన మర్యాద.

ఐదవది, విద్యార్థుల యభిప్రాయములు. ఏడాది ముగిసిన పిదప అడిగిన ప్రయోజన మల్పము. నడుమనే, పేరు వ్రాయనక్కఱలేని చీటీలపై మూడు ప్రశ్నలు అడుగవలెను: నీకు తోడ్పడిన దేమి? అడ్డుపడిన దేమి? ఏమి మార్పవలెను? "మీరు వేగముగ చదువుదురు, వ్రాసికొనలేము" అని పలువురు వ్రాసిరి. అమ్మాయి ఏమి మార్చినదో దాని క్రిందనే వ్రాసినది. మెప్పు చీటీల నేరి, నిందల చీటీల దాచుట తగదు. పెద్దలు దానిని ఇట్టే పసికట్టుదురు.

ఇచ్చట స్త్రీలకు ప్రత్యేకముగ చెప్పవలసిన మాట యొకటి కలదు. 2015లో అమెరికాలో నొక పరిశీలన ప్రకటితమైనది. మొగము కనబడని దూరవిద్యా తరగతిలో బోధకు లిద్దఱు, ఒకరు స్త్రీ, ఒకరు పురుషుడు. ఇరువురును కొన్ని జట్లకు పురుషుని పేరుతోను, కొన్ని జట్లకు స్త్రీ పేరుతోను బోధించిరి. బోధకు లెవరైనను, పురుషుని పేరున్నప్పుడే విద్యార్థులు ఎక్కువ మార్కులు వేసిరి. అది చిన్న పరిశీలనయే. అయినను మన యనుభవమునకు దూరము కాదు. కాబట్టి అధ్యాపకురాలు విద్యార్థుల మార్కులపైననే ఆధారపడరాదు. పెద్ద అధ్యాపకు నొకరిని తన తరగతికి పిలిచి, వెనుక బల్లపై కూర్చుండబెట్టి, చూచినదానిని చూచినట్లు వ్రాసి యిమ్మని కోరవలెను. ఏడాదికి రెండు పర్యాయము లట్లు చేసిన మేలు.

ఆఱవది, సాగని పాఠము. దీనిని చేర్చుటకు అమ్మాయి భయపడినది. "తప్పును నేనే చెప్పుకొందునా, అత్తా?" అని యడిగినది. ఒక ప్రాచీన కావ్యభాగమును రెండేండ్లు ఒకే తీరున చెప్పి విఫలమైన సంగతియు, మూడవ యేట ముందుగ కథను వాడుక మాటలలో పిల్లలచేతనే చెప్పించి పిదప పద్యములకు వచ్చిన సంగతియు ఒక పుటలో వ్రాయించితిమి.

ఇంటివారి పాలు

ఇవన్నియు సమీక్షకు నెల ముందు కూర్చుండి చేయదగినవి కావు. నాలుగేండ్ల కాగితములు ఒక్క నెలలో పుట్టవు. అమ్మాయికి మొదటియేటి కాగితములు దొరుకుట కేవలము ఆమె యత్తగారి చలువ. ఆ పెద్దమ్మకు చదువు రాదు. పాత కాగితములవాడు వచ్చినప్పుడు కోడలి కాగితములను తూకమునకు వేయబోయి, వానిపై ఎఱ్ఱసిరా గుర్తులను చూచి, "ఇవి దాని చేతివ్రాత, ఉండనీ" యని ఇనుప పెట్టెలో వేసి తాళము వేసినదట. అందులోనే కనబడకపోయిన పట్టీలలో నొకటి దొరకినది. మఱియొకటి దొరకనే లేదు.

ఇప్పుడా యింట ఒక యేర్పాటు జరిగినది. నెల కొక సంచి చొప్పున పండ్రెండు కాగితపు సంచులు పెట్టెలో నుండును. పనికివచ్చునని తోచిన ప్రతి కాగితమును తేదీ వేసి ఆ నెల సంచిలో వేయుదురు. తరగతి పట్టీకి ప్రతినెల ఫోనుతో ఛాయాచిత్రము తీసి వేఱొకచోట భద్రపఱతురు. ఆదివారము సాయంకాలము అరగంట సేపు పెద్దమ్మ మనుమని గుడికి తీసికొనిపోవును. ఆ అరగంటలో అమ్మాయి ఆ వారము ఏ పాఠము నడచెను, ఏది నడువలేదు, ఏల యని అయిదాఱు పంక్తులు వ్రాసికొనును. ఆ పంక్తులే తరువాత సంపుటికి ముడిసరకు.

ఇంటిపనికిని పాఠము చెప్పుటకును ఒక పోలిక కలదు. రెండును జరిగినంతసేపు కనబడవు, జరుగనినాడే కనబడును. ఇంటిపనికి లెక్క వ్రాయువారు లేరు. పాఠమునకైనను లెక్క వ్రాసికొను నవకాశ మున్నది గనుక దానిని వదలరాదు.

రెండవ సమీక్ష

ఏడాది గడచినది. అమ్మాయి తొమ్మిది పుటల సంపుటిని, అనుబంధములను తీసికొని పోయినది. పెద్దలలో ఒకరు పుటలు త్రిప్పుచు పోయి సాగని పాఠము నొద్ద ఆగిరట. "ఇట్లు విఫలమైనది మా యందఱికి నున్నది, వ్రాసినవారు లేరు," అని, మూడవ యేట నేమి చేసితివో చెప్పు మనిరట. అమ్మాయి తాను వచ్చిన పని మఱచి పాఠము చెప్పినట్లే చెప్పినదట. సెలవుల విషయమున నిబంధనలోని వాక్యమును గుర్తుపెట్టి చూపగా నెవ్వరును కాదనలేదు. నెల దినములకు ఉత్తరువు వచ్చినది. పోయిన యేడాది మాత్రము పోయినదే; దానిని గుఱించి ఆమె మాటాడదు.

ఆ దినమున పుంగనూరు పోయి చూచితిమి. పెద్దమ్మ యుత్తరువు కాగితమును తలక్రిందుగ పట్టుకొని చూచి, "దీనిని గూడ ఆ పెట్టెలోనే వేయుడు," అన్నది.

మన యిండ్ల కూతుండ్రును కోడండ్రును కొలువులో చేరిన మొదటి దినమే ఒక పెట్టెను, పండ్రెండు సంచులను, ఆదివారపు అరగంటను వారికి కట్నముగ నిచ్చుట మంచిది. బంగారమువలె దానిని తాకట్టు పెట్టనక్కఱలేదు. పాఠకురాండ్రలో ఇట్టి సమీక్షల యనుభవము కలవారు తమ పద్ధతులను ఈ పత్రికకు వ్రాసి పంపిన పక్షమున, మేమును మా అమ్మాయియు ఎంతయు సంతసింతుము.